ప్లగ్గు పట్టిందని పెట్టిన బ్యాటరీ

మా వదిన అగర్బత్తి వల్ల మగ్గం మీది చీర కాలిందని మా వీధిలో కొందరు, వనపర్తిలోని మా చుట్టాలు ఇంకా అనుకుంటున్నారు. అది నిజం కాదు. కాల్చింది నేను. ఎలా కాల్చానో చెప్పాలంటే ముందు కోతుల సంగతి చెప్పాలి.

గద్వాలలో మాది మగ్గాల ఇల్లు. అన్న, వదిన, నేను కలిసే ఉంటాం. రంగు వేసిన పట్టు నూలు మిద్దె మీద ఆరేస్తే కోతులు లాక్కుపోయేవి. కర్ర చూపిస్తే పళ్లు చూపించేవి. అందుకని బ్యాటరీతో నడిచే ఎయిర్‌సాఫ్ట్ గన్ను ఒకటి తెప్పించాను. పిట్టగోడ దగ్గరున్న రేకు మీదికి పేలిస్తే ప్లాస్టిక్ గుండ్లు తగిలి దడదడమనేది. ఆ చప్పుడుకే మంద పక్క వీధికి పోయేది. ఒక్క కోతినీ కొట్టలేదు.

గన్నుతో వచ్చింది నికెల్ బ్యాటరీ. నిండా చార్జింగ్ పెట్టినా కాసేపటికే నీరసపడేది. గుండుకూ గుండుకూ మధ్య మనిషి తుమ్మేంత ఎడం వచ్చేది. కోతులు అది కనిపెట్టేసి, అక్కడే కూర్చుని నన్ను చూసేవి. హైదరాబాదులో గన్ను అమ్మిన దుకాణానికి ఫోన్ చేశాను.

"లిథియం పాలిమర్‌ది పెట్టుకోండన్నా. తేలిక, చివరిదాకా జోరు తగ్గదు" అన్నాడు అతను.

"పదకొండు వోల్టులది ఇయ్యరాదు? ఎక్కువుంటే మంచిదే గదా."

"బోరు మోటరుకు పెడ్తున్నరా ఏంది? మీ గన్ను లోపలి పళ్ల చక్రాలు ఇరుగుతయి. ఏడు చిల్లర వోల్టులది చాలు. పిడిల పడ్తదో లేదో కొలిచి చెప్పండి."

కొలిచి చెప్పాను. దానికి వేరే చార్జర్ ఉంటుంది, అదీ తీసుకొమ్మన్నాడు. పాతది ఉందిగా అన్నాను. పాతది పెట్టొద్దని గట్టిగానే చెప్పాడు. అమ్ముకునేవాడు అలాగే చెప్తాడులే అనుకున్నాను. బ్యాటరీ వచ్చాక పాత చార్జర్ ప్లగ్గు పెట్టి చూస్తే చక్కగా పట్టింది. పట్టింది కాబట్టి సరిపోయిందనుకున్నాను. ఆ రకం బ్యాటరీని నిండగానే ఆపేసే చార్జర్‌తోనే నింపాలని, పాతదానికి ఆపడం తెలియదని తర్వాత తెలిసింది.

ఖాళీగా ఉన్న ప్లగ్గు మగ్గం గదిలో కిటికీ పక్కన ఒక్కటే. అక్కడ పెట్టి అన్నానికి పోయాను. మెతుకు నోట్లో ఉండగానే పొగ వాసన వచ్చింది. మొదట లోపలికి పరిగెత్తింది నేనే. బ్యాటరీ బూరెలా ఉబ్బి చీలిపోయి మండుతోంది. దాని పక్కనే మగ్గం మీద సగం నేసిన చీర అంటుకుంది. చార్జర్ పీకి, బ్యాటరీని చీపురుకట్టతో కిటికీలోంచి పెరట్లోని ఇసుకలోకి తోసేశాను. బిందెడు నీళ్లు మగ్గం మీద కుమ్మరించాను. ఆ హడావిడిలో నా మోచేయి తగిలి, గోడ గూట్లో వదిన పెట్టిన అగర్బత్తి స్టాండు కింద పడింది.

వెనకే వచ్చిన అన్నకు కనిపించింది ఆ స్టాండే.

"ఎన్నిసార్లు చెప్పిన, అగర్బత్తి సరిగ పెట్టుమని!"

"గూట్లనే పెట్టిన గదా" అంది వదిన.

"గూట్ల పెడితే కిందికెట్ల వచ్చె?"

అప్పుడే చెప్పి ఉంటే నాలుగు తిట్లతో పోయేది. పెరట్లోకి పోయి, చల్లారిన బ్యాటరీ మీద ఇంకాస్త ఇసుక కప్పాను.

తర్వాత జరిగింది నేను ఊహించనిది. వదిన తనను తానే అనుమానించుకోవడం మొదలుపెట్టింది. పొయ్యి ఆపి, మళ్లీ పోయి చూసేది. ఏ మగ్గానికి ఏ రంగు పట్టు ఇవ్వాలో ఆమె మాటే మా ఇంట్లో చివరి మాట. అలాంటి మనిషి, ఇచ్చిన పట్టు కండెలు వెనక్కి తీసుకుని, "జర నువ్వు చూడు, నాకు నమ్మకం లేదు" అనేది. వాళ్లమ్మకు చివరి రోజుల్లో మతిమరుపు వచ్చింది. తనకూ అదే మొదలైందని భయపడుతోంది. చివరికి అన్న, "రేపు కర్నూలు దవాఖానకు తోల్కపోత, తల స్కాన్ తీపిస్త" అన్నాడు.

ఇక ఆగలేక వంటింట్లోకి పోయాను.

"వదినా, ఆ మంట నీ అగర్బత్తిది కాదు. కోతుల తుపాకీ బ్యాటరీది. పాత చార్జర్‌కు పెట్టి పోయిన."

ఆమె చేతిలో చిక్కుడుకాయ అట్లాగే ఉండిపోయింది.

"గట్లయితే నేను గూట్లనే పెట్టిన్నా?"

"గూట్లనే ఉండె. నా మోచెయ్యి తాకి పడ్డది."

"నేను మర్వలే?"

"నువ్వు మర్వలే వదినా."

కాసేపు ఏడ్చింది. ఆ తర్వాత చిక్కుడుకాయలు నా మీదికి విసిరింది.

"ఇన్ని దినాలు నోట్ల ఏం పెట్టుకున్నవ్, అటుకులా? నాకు మా అమ్మ రోగమొచ్చిందని సస్తుంటి!" అని, గుమ్మంలోకి పోయి అన్నను కేకేసింది. "ఇగో, ఇంటున్నవా? రేపు కర్నూలు పోవుడు లేదు. తోల్కపోతే నీ తమ్ముని తోల్కపో, తల ఆయనదే సెడిపోయింది!"

అన్న వచ్చి విషయమంతా విన్నాడు. నన్ను కొడతాడేమో అనుకున్నాను. కొట్టలేదు. "నేను గూడ దీని మాట నమ్మకపోతి" అని గడప మీద కూలబడ్డాడు. నాకు చాలా రోజుల తర్వాత ఊపిరి నిండా ఆడింది.

ఇప్పుడు సరైన చార్జర్ ఉంది. వదిన హుకుం ప్రకారం బ్యాటరీని మిద్దె మీద బండరాయిపై పెట్టి, పాలు పొంగుతాయేమో అన్నట్టు పక్కనే కాపలా కూర్చుంటాను.

నేను ఒప్పుకున్న మర్నాడు మధ్యాహ్నం పప్పన్నం మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్న వదిన ఆగిపోయింది.

"అయ్యో, ఉప్పెయ్యనే మర్చిపోయిన" అని పకపకా నవ్వింది.

అన్న ఉప్పు డబ్బా జరిపాడు. చిటికెడు చిటికెడు వేసుకుని, కలుపుకుని తిన్నాం.