నల్లచేతులకే ఓటు

పలాసలో జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్లని ఏం పని చేస్తారని అడగక్కర్లేదు, చేతులు చూస్తే తెలిసిపోతుంది. పెంకులోంచి కారే జీడిరసం పట్టి వేళ్లూ అరచేతులూ నల్లగా కమిలిపోతాయి. సబ్బుకి పోదు. పని మానేస్తే తప్ప పోదు. మా అమ్మ చేతులూ అలాగే ఉండేవి. ఆ చేతులతోనే నాకు అన్నం కలిపి పెట్టింది, ఆ చేతులతోనే యూనియన్‌నీ నిలబెట్టింది.

యూనియన్‌లో ఏది తేల్చాలన్నా చేతులెత్తి తేల్చడం అమ్మ తెచ్చిన పద్ధతే. మేం బాప్టిస్టులం. మా చర్చిలో సంఘపెద్దల్ని అలాగే ఎన్నుకుంటారు. దాన్నే అమ్మ ఫ్యాక్టరీ గేటు ముందుకి తెచ్చింది. ఒకసారి యజమానులు తమ మనుషుల్ని మీటింగులోకి తోలి చేతులెత్తించారు. అమ్మకి ఒళ్లు మండిపోయింది. అప్పట్నుంచి నల్లచేతులకే ఓటని రూలు పెట్టింది. ఎత్తిన చెయ్యి నల్లగా లేకపోతే లెక్కలోకి రాదు.

తర్వాత ఒక పార్టీవాళ్లు వచ్చి అమ్మని వార్డు కౌన్సిలర్‌గా నిలబెట్టారు. గెలిపించింది మాత్రం ఆ ఆడవాళ్లే. ఇక పొద్దున్న లేస్తే గుమ్మం ముందు జనం. కుళాయి రాలేదని ఒకరు, పింఛను ఆగిందని ఒకరు. పిక్కలు కొట్టే తీరిక ఎక్కడిది? మెల్లగా అమ్మ చేతులు తేరుకున్నాయి. అమ్మ చేతులు ఎంత బాగున్నాయో అని నేను మురిసిపోయాను కూడా.

కూలి పెంచమని సమ్మె మొదలైంది ఆ రోజుల్లోనే. సమ్మె సాగేకొద్దీ ఇళ్లల్లో పొయ్యి వెలగడం కష్టమైంది. యజమానులు అడిగిన దాంట్లో సగానికి దిగొచ్చారు. ఒప్పేసుకుందాం అంది అమ్మ. పార్టీవాళ్లు అలా అనిపించారని ఊరంతా అనుకున్నారు. అబద్ధం. మా అమ్మచేత ఒక మాట అనిపించగల మనిషి ఇంకా పుట్టలేదు. పిల్లలు పస్తులుండడం చూడలేక అంది, అంతే.

ఆ రోజు చేతులు లెక్కపెట్టింది మా పక్కసందు పిన్ని. అమ్మని అక్కలా 'అప్పా' అని పిలుస్తూ మొదట్నుంచీ ఆవిడ వెంట యూనియన్ కోసం తిరిగిన మనిషి. సమ్మె ఆపేద్దామనేవాళ్లు చేతులెత్తమంటే అమ్మ ఎత్తింది.

"సెయ్యి దించియ్యప్పా," అంది పిన్ని. "నీ సెయ్యి తెల్లబడిపోనాది. రూలు నువ్వెట్టిందే కదా."

ఆవిడ గట్టిగా కూడా అనలేదు. అమ్మ చెయ్యి దించేసింది. సమ్మె సాగింది. ఇంటికొచ్చాక, "అది సెప్పింది రైటే కదేటి," అంది నాతో. ఆ పూట అన్నం ముట్టలేదు. మళ్లీ ఏ మీటింగుకీ వెళ్లలేదు. నాకు మాత్రం పిన్ని పేరెత్తితేనే మండేది. రోడ్డు మీద ఎదురుపడితే మొహం తిప్పుకునేదాన్ని.

పార్టీ మళ్లీ టికెట్టివ్వలేదు. ఈలోగా అమ్మకి కిడ్నీ జబ్బు వచ్చింది. మా ఉద్దానంలో అదేం వింత కాదు, వచ్చిందంటే ఆశ్చర్యపోయేవాళ్లూ లేరు. డయాలసిస్‌కి తీసుకెళ్లి తీసుకురావడమే మాకు పనైపోయింది. పార్టీవాళ్లెవరూ తొంగిచూడలేదు.

ఒకరోజు నేను కుట్టుపని ముగించుకుని వచ్చేసరికి అమ్మ పెరటి అరుగు మీద కూచుని, అక్కుపల్లి మావయ్య పంపిన పచ్చి పిక్కలు కత్తితో చీలుస్తోంది. ఆ పని చేసేవాళ్లెవరైనా రసం చర్మాన్ని కాల్చకుండా ముందు చేతులకి బూడిద రాసుకుంటారు. ఎన్నో ఏళ్లు చేసిన మనిషి, చిన్నప్పుడు నాకూ రాసిన మనిషి, వట్టి చేతులతో కూచుంది.

"ఏటి సేత్తన్నావమ్మా?"

"ఆదివారం మీటింగంట. బూడిద రాత్తే తొందరగా నల్లబడవే."

చేతులు లాక్కుని కడిగాను. అప్పటికే ఆలస్యమైంది. తెల్లారేసరికి చేతుల నిండా బొబ్బలు. ఆదివారం నాటికి రెండు చేతులకీ తెల్లటి కట్లు. వాటిని ఒళ్లో పెట్టుకుని పొద్దుపోయేదాకా వీధివైపు చూస్తూ కూచుంది. కట్లు విప్పాక కాలిన చర్మం పొరలుగా ఊడి, లోపల్నుంచి కొత్తది వచ్చింది, మునుపటికంటే తెల్లగా. దాన్ని చూసుకుని అమ్మ ఏడ్చింది. లాఠీ దెబ్బలు తిన్నప్పుడు కూడా ఏడవని మనిషి.

ఆ ఎండాకాలం దాటకుండానే పోయింది. చర్చివాళ్లు శవానికి తెల్ల గ్లౌజులు తొడగబోతే నేను గొడవపడి ఆపేశాను. పెట్టె సమాధి తోటకి చేరేసరికి ఆడవాళ్లంతా ఫ్యాక్టరీ నుంచి తిన్నగా వచ్చేశారు. ఒక్కొక్కరూ నల్లటి చేత్తో గుప్పెడు మట్టి వేశారు.

పిన్ని వంతు వచ్చింది. మట్టి పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "సెయ్యి దించమన్నాను గానీ, రావద్దన్నానేటే గుంటా?" అంది నాతో. "ప్రెతి మీటింగుకీ అప్ప కుర్సీ ఏసే ఉంచినాము."

ఇన్నాళ్లూ దాచుకున్న కోపం ఆ మాటతో ఏమైపోయిందో తెలీదు. ఆవిడ భుజం పట్టుకుని ఏడ్చాను. కుర్చీ వేసి ఉందని చెప్పడానికి వాళ్లెవరూ మా గుమ్మం ఎక్కలేదు. రావచ్చా అని అడగడానికి అమ్మా వాళ్ల గుమ్మం ఎక్కలేదు. రెండిళ్లకీ మధ్య ఉన్నది ఒక్క సందు.