ఇద్దరమ్మలకు ఒక్క ఫోటో

ఒక పత్రిక ఆఫీసులో ఆయనను అందరూ ‘సేవ్ బాబాయ్’ అనేవారు. ఎవరు కుర్చీలోంచి లేచినా “సేవ్ చేశావా?” అని అడగనిదే ఆయనకు కాఫీ గొంతు దిగేది కాదు. ఆ పత్రిక వెబ్‌సైటులో నివాళుల పేజీ తయారుచేసింది ఆయనే. పోయినవారి ఫోటో, నాలుగు మాటలు ఇంట్లోవాళ్లు పంపుతారు. మాటలు డేటాబేసులో ఒక రికార్డుగా చేరతాయి. ఫోటో సర్వర్‌లో ఒక ఫోల్డరులో కూర్చుంటుంది. దాన్ని ఏ పేరుతో వెతకాలో రికార్డు చెబుతుంది.

ఒక మధ్యాహ్నం ఫోన్ మోగింది.

“సార్, మా అమ్మ పేరు కింద ఎవరో ఆవిడ నవ్వుతోందండీ.”

బాబాయ్ తానూ నవ్వబోయి, ఆ గొంతు విని మానుకున్నారు. పేజీ తెరిస్తే నిజమే. కళ్లజోడు పెట్టుకున్న ఎవరో ఆవిడ. అదే ఆవిడ ఇంకో రికార్డులో, తన సొంత పేరు మీద కూడా ఉంది.

పక్క సీటావిడ తొంగిచూసి, కోడ్‌లో ఒక వరుస మీద వేలు పెట్టింది.

“పంపినవాళ్లు ఫైలుకి ఏ పేరు పెడితే ఆ పేరుతోనే దాచేస్తున్నావా బాబాయ్?”

“అవును. ఏం?”

“ఇద్దరూ ‘అమ్మ’ అనే పంపారు. రెండోది వచ్చి మొదటిదాన్ని చెరిపేసింది. లోకంలో అమ్మ అని పేరున్న ఫోటో ఒక్కటే ఉంటుందనుకున్నావా?”

ఇంకో రోజైతే ఆ మాటకు ఆఫీసంతా పడీపడీ నవ్వేది. బాబాయ్ బ్యాకప్ వెతికారు. అదీ కొత్త ఫోటోనే నమ్మకంగా దాచుకుని కూర్చుంది. పంపిన ఫోటో ఇంకా ఉందా అని ఆ కూతుర్ని అడిగారు.

“ఆ ఫోన్ పాడైపోయిందండీ. అమ్మ అసలు ఫోటోలు దిగేది కాదు. అదొక్కటే. మీ దగ్గర భద్రంగా ఉంటుంది కదా అని…”

“రేపొకసారి రండమ్మా,” అన్నారు బాబాయ్.

మేనేజరు విని, “సర్వర్ పాడైందని చెప్పేయండి, గొడవ వదిలిపోతుంది,” అన్నాడు.

“సర్వర్‌కి నోరు లేదు కాబట్టి దాని మీదికి తోసేయొచ్చు సార్. నాకుంది కదా.”

పక్క సీటావిడకు ఒకటి గుర్తొచ్చింది. జాబితా పేజీ కోసం ప్రతి ఫోటోకూ గోరంత నకలు తీసే ప్రోగ్రామ్ ఆమె రాసింది. ఆ నకళ్లకు రికార్డు నంబరే పేరు కాబట్టి ఒకదాని మీద ఒకటి పడవు. తెరిచి చూస్తే, గుమ్మం దగ్గర, మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకోబోతున్న సన్నటి మనిషి.

మర్నాడు కూతురు వచ్చింది. బాబాయ్ లేచి నిలబడి, తప్పు తనదేనని జరిగింది జరిగినట్టు చెప్పారు. ఆమె తెర ముందుకు వచ్చి కూర్చుంది. ఆయన ఫోటో పెద్దది చేస్తూ పోయారు. మొహం గళ్లు గళ్లుగా విడిపోయింది.

“పెద్దది చెయ్యకండి. అమ్మ చెదిరిపోతోంది,” అంది. తెరకు దగ్గరగా వంగి చాలాసేపు చూసింది. “ఇంతే ఉంచండి.”

ఆ రోజు నుంచి ఫైళ్లన్నిటికీ రికార్డు నంబర్లే పేర్లయ్యాయి. ఫోటోలన్నీ పేజీ నిండా సాగాలన్న నియమం ఆ ఒక్క రికార్డుకు మాత్రం తీసేశారు. అంత తెల్లటి పేజీలో ఆవిడ ఒక్కతే, గోరంత.

అప్పుడప్పుడు పాఠకులు ఫోన్ చేస్తారు, ఆ ఫోటో పూర్తిగా రావట్లేదని.

“వచ్చిందండీ,” అంటారు బాబాయ్. “ఆవిడది అంతే ఉంది. కాస్త దగ్గరగా చూడండి.”