ఉమ్మి ఇవ్వను, పేరు వదలను

నాకు సంతకం పెట్టడం వరకే వచ్చు. అందుకని నేను చెబుతుంటే ఫోను రాసుకుంటోంది. తప్పులుంటే ఫోనువి. కోపం మాత్రం నాదే.

మాది గుంటూరు వైపు ఒక గూడెం. తోలు పని చేసిన వంశం. శుక్రవారం పొద్దుగూకే ముందు మా అమ్మ రెండు దీపాలు పెట్టేది. శనివారం పొయ్యి రాజేసేది కాదు, ముందు రోజు వండిన అన్నమే తినేవాళ్లం. ఎందుకమ్మా అంటే, "మా అమ్మ చేసింది" అనేది. అంతకు మించి ఆమెకు తెలియదు. నా మొగుడు నాలుగు పుస్తకాలు చదివి, ఇవి యూదుల పద్ధతులు, మనం యూదులం, వాళ్ల ధర్మగ్రంథం తోరా మనది అని చెప్పి, పది ఇళ్లవాళ్లను కూడగట్టి రేకుల షెడ్డులో ప్రార్థన మొదలుపెట్టాడు. నవ్వినవాళ్లు నవ్వారు. ఆయన నవ్వులకు భయపడే మనిషి కాదు.

ఆయన పోయాక అమెరికాలో మోరిస్‌విల్‌లో ఉన్న కూతురి దగ్గరికి వచ్చాను. ఇక్కడి యూదుల మందిరం సినగాగ్‌కి రేకులు కాదు, నిలువెత్తు అద్దాలు. వెళ్లిన రెండో వారమే నన్ను వంటింట్లోకి పిలిచారు. ఆకుకూరలో పురుగు కడుపులోకి పోతే తోరా ప్రకారం తప్పు. అందుకని గురువారం గురువారం కొత్తిమీరను ఉప్పునీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లను తెల్ల పళ్లెంలో పోసి లైటు కింద చూస్తారు. నలుసంత కదిలినా మళ్లీ కడగాలి. నేను చిన్నప్పటి నుంచి బియ్యంలో రాళ్లు ఏరినదాన్ని. పైగా శుక్లాల ఆపరేషన్ అయిన కళ్లు. ముగ్గురు చూసి బాగుందన్న కట్టలో రెండు పురుగులు తీసి చూపించాను. ఆ రోజు నుంచి కొత్తిమీర నా చేతికిచ్చారు.

పోయిన ఏడాది మనవరాలికి పదమూడు వచ్చాయి. ఆ వయసుకు పిల్ల అందరి ముందు నిలబడి తోరా చదవాలి. చదవడానికి పిలిచేటప్పుడు ఫలానావారి కూతురు అని తల్లిదండ్రుల పేర్లు చెప్పి పిలుస్తారు. రోజు ఖాయమయ్యాక కమిటీలో ఎవరికో అనుమానం వచ్చింది. యూదుతనం తల్లి వైపు నుంచి వస్తుంది. పిల్ల తల్లి యూదురాలేనా? ఆ తల్లికి తల్లి? అలా వాళ్ల వేలు తిరిగి తిరిగి నా మీద ఆగింది.

ల్యాబులో పనిచేసి రిటైరైన ఒకావిడ అక్కడ తోరా, సైన్సు అని ఆదివారం క్లాసు చెబుతుంది. లోకం ఆరు రోజుల్లో పుట్టిందా, కోట్ల ఏళ్లు పట్టిందా అని గంటసేపు వాదించుకుని, రెండూ నిజమేనని తేల్చి కాఫీ తాగుతారు. నాకు ఆ క్లాసు ఇష్టమే. ఒక గురువారం ఆవిడ వంటింట్లోకి చిన్న ప్లాస్టిక్ గొట్టం పట్టుకుని వచ్చింది. మాటలు అటూ ఇటూ చేర్చింది మనవరాలే.

"అమ్మమ్మా, దీంట్లో నువ్వు స్పిట్ చేయాలంట. ఈ లైన్ దాకా."

"ఎందుకే?"

"నీ అమ్మ, వాళ్ల అమ్మ, అలా బ్యాక్ వెళ్తారు. మనం ఎవరో సైన్స్ చెప్తది."

"మనం ఎవరో నాకు తెలుసు. కాదని వస్తే?"

పిల్ల అడిగింది. ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుంది.

"చాలా ఇయర్స్ అయింది కదా, మిక్స్ అయిపోయి ఉండొచ్చు. రాకపోయినా మీరు కాదు అని చెప్పలేం, అంటోంది."

"వస్తే అవునంట, రాకపోతే కాదని కాదంట. మరి ఉమ్మేది ఎందుకు, నోరెండిపోవడానికా?"

"అమ్మమ్మా, ఇది నేను చెప్పను."

"చెప్పవే."

చెప్పింది. ఆవిడ పకపకా నవ్వింది. మంచి మనిషే. నాకు మాత్రం నవ్వు రాలేదు. మా పెద్దల కాలంలో మా ఉమ్మి నేల మీద పడితే మైల అని మూతికి ముంత కట్టించి నడిపించారు. ఆ ముంతే ఇప్పుడు ప్లాస్టిక్‌లో వచ్చినట్టు కనిపించింది. గొట్టం ఆవిడ చేతిలోనే పెట్టేశాను.

కారులో కూతురు మొదలుపెట్టింది. "అమ్మా, ఒక్క నిమిషం పని. హాల్ బుక్ చేశాం, అందర్నీ ఇన్వైట్ చేశాం. పిల్ల ఫంక్షన్ ఆగిపోతే దానికి ఎలా ఉంటుందో ఆలోచించావా?"

"నీ కాలేజీ సీటుకి కులం కాగితం కోసం మీ నాన్న తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరిగి చెప్పులు అరగదీశాడు. అక్కడ కాగితం, ఇక్కడ ఉమ్మి."

"అదీ ఇదీ ఒకటి కాదమ్మా!"

"ఎలా కాదో చెప్పు మరి."

ముందు కారేదీ లేకపోయినా హారన్ కొట్టింది.

సినగాగ్ మతగురువు రబ్బీ మా ముగ్గురినీ తన గదికి పిలిపించాడు. కొత్తిమీర పాఠం నాకు నేర్పింది ఆయనే. కంటికి కనిపించని పురుగు లెక్కలోకి రాదు, భూతద్దం పెట్టి వెతకమని తోరా అడగదు అని అప్పుడు చెప్పాడు. అదే మాట ఆయనకు అప్పజెప్పాను. "మా అమ్మ పెట్టిన దీపం కంటికి కనిపించింది. నా రక్తంలో ఏముందో కనిపించదు. ఆకు మీద పురుగుకి అక్కర్లేని భూతద్దం నాకెందుకయ్యా?" ఆయన గడ్డం నిమురుకుని, ఉమ్మి అక్కర్లేదన్నాడు. కానీ రుజువేదీ లేదు కదా, అన్నాడు.

"మీ తాతల్ని దేశాల నుంచి తరిమినవాళ్లు రసీదులిచ్చారా? మమ్మల్ని ఊరవతల ఉంచినవాళ్లూ ఇవ్వలేదు."

ఆయన తలవంచుకున్నాడు. ఇంకో దారి చెప్పాడు. లోపల ఒక కొలను ఉంది, ముగ్గురూ మునిగి లేస్తే మతంలోకి కొత్తగా చేరినట్టు, ఇక ఎవరూ నోరెత్తరు. నా కూతురి మొహం విప్పారింది. నేను ఒక్కటే అడిగాను. మునిగాక పిల్లను ఎవరి కూతురని పిలుస్తారు?

 కొత్తగా చేరినవాళ్లను అబ్రాహాము, శారాల బిడ్డ అంటారట. అది గౌరవమట.

"శారా పెద్దావిడ, ఆమెకో దండం. కానీ ఈ పిల్లను కన్నది శారా కాదు. రెండు రోజులు నొప్పులు పడి ఇదిగో ఇది కన్నది. దీన్ని గుంటూరు సర్కారు ఆసుపత్రిలో మంచం దొరక్క చాప మీద నేను కన్నాను. మా పేర్లు కడిగేసే నీళ్లు మాకొద్దు."

"అమ్మా, ఊరుకోవే," అంది కూతురు. తర్వాత అదే ఊరుకోలేదు. రబ్బీ వైపు తిరిగి ఇంగ్లీషులో చాలాసేపు మాట్లాడింది. నాకు అర్థమైంది "మై నేమ్" ఒక్కటే. మూడుసార్లు అంది.

రెండు వారాలు ఆయన పుస్తకాలు తిరగేశాడు, పెద్దలను అడిగాడు. చివరికి, మీరు కాదని ఎవరూ అనడం లేదు, అనుమానం తీరడానికి మాత్రమే మునగండి, పేర్లు పేర్లుగానే ఉంటాయి అన్నాడు. పిల్ల తనకు ఈత ఇష్టమేనని ముందే ఒప్పుకుంది. కూతురు కూడా సరేనంది.

"మరి మీరు?" అన్నాడు నన్ను.

"నాకు అనుమానం లేదు. ఉన్నవాళ్లను మునగమనండి."

వాళ్లు మునిగిన రోజు తువ్వాళ్లు పట్టుకుని గుమ్మం బయట నిలబడ్డాను. ఆ గురువారం వంటింట్లోకి వెళితే కొత్తిమీర ఇంకొకావిడ కడుగుతోంది. పురుగు లేదని మునగనిదాని మాట చెల్లదని ఎవరో అన్నారట. నాకు గిన్నెలు చూపించారు. తోమలేదు. ఇంటికి వచ్చేశాను. ఏడ్చాను కూడా, అబద్ధం ఎందుకు.

శనివారం ప్రార్థన మాత్రం మానలేదు. పిల్ల చదివే రోజు ముందు వరుసలో కూర్చున్నాను. పిలిచే ఆయన పిల్ల పేరు చెప్పాడు, తండ్రి పేరు చెప్పాడు, నా కూతురి పేరు చెప్పాడు. కొందరు తలలు వంచుకుని పుస్తకంలోకి చూశారు. నేను లేచి నిలబడ్డాను. నా కూతురి తల్లినని నా పేరు అరిచాను. నా తల్లి పేరు అరిచాను. ఆమె తల్లి పేరు అరిచాను. పిలిచే ఆయన నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. కూతురు నా కొంగు పట్టి లాగలేదు. పిల్ల పళ్ల క్లిప్పులు కనిపించేలా నవ్వుతూ నేను ముగించేదాకా ఆగింది.

అంతకు పైన పేర్లు నాకు తెలియవు. తెలిసుంటే అవీ అరిచేదాన్ని.