గేరాయిలు కోసం కాటా ఎక్కిన కారు

మా బావ కృపానిధికి ఏదైనా చెప్పడమంటే గోడకు తల బాదుకోవడమే. నేను తాపీ మేస్త్రిని, గోడల సంగతి నాకు బాగా తెలుసు. బావ కన్నా గోడే నయం, ఎదురు మాట్లాడదు. గజపతినగరం నుంచి రాయగడకు పాతికేళ్ళ పైచిలుకు లారీ తోలిన మనిషి. “లారీ మీద...” అని మొదలెట్టాడంటే ఇంక ఎవరొచ్చి చెప్పినా వినడు.

ఆ లారీయే బోల్తా పడి ఎడమ కాలు మోకాలి కింద నుంచి పోయింది. కాలు పోయినందుకు ఆయన ఏడవలేదు. స్టీరింగు పోయినందుకు ఏడ్చాడు. ఆ తర్వాత అరుగు మీద కూర్చుని, రోడ్డున పోయే ప్రతి బండినీ దాన్ని తోలేవాణ్ణీ తిట్టడమే పనిగా పెట్టుకున్నాడు. ఆఖరికి పాస్టరు గారి స్కూటర్ని కూడా వదల్లేదు. ఆయన భార్య, నా తోడబుట్టిన అప్ప దేవమణి, ఆదివారం చర్చిలో తలెత్తుకోలేకపోయేది.

అలాంటి బావకి విశాఖలో ఎవరో అమ్మేస్తున్న పాత ఆటోమేటిక్ కారు దొరికింది. దానికి క్లచ్ ఉండదు, ఎడమ కాలితో పనే లేదు. కారు ఇంటికొచ్చిన రోజు ఆ మొహం చూడాలి. పెళ్ళినాడు కూడా అంత కళ లేదని అప్పే చెప్పింది. అయితే పాత లైసెన్సు ఇక పనికిరాదు, ఈ బండితోనే మళ్ళీ పరీక్షకు రావాలన్నారు. అప్పటిదాకా కారుకి ముందూ వెనకా ఎర్రటి ‘ఎల్’ అంటించుకుని, పక్క సీట్లో లైసెన్సు ఉన్నవాణ్ణి కూర్చోబెట్టుకుని తోలాలి. ఆ ఉన్నవాణ్ణి నేనే. లారీ కృపానిధికి మేస్త్రి రాబర్ట్ డ్రైవింగ్ నేర్పుతున్నాడని ఊరంతా నవ్వింది. నేను కూడా ఏమాత్రం మొహమాటపడకుండా నవ్వాను.

సరిగ్గా పరీక్ష దగ్గరపడేసరికి బండికి రోగం పట్టుకుంది. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిను అరుస్తుంది, బండి మాత్రం కదలనంటుంది. ఎత్తు వచ్చిందంటే మరీ మొండికేస్తుంది. మా ఊరి మెకానిక్ చూసి, గేరుబాక్సు పోయిందన్నాడు, తుక్కు కింద ఇచ్చేయమన్నాడు. పరీక్షలో బండిని ఎత్తు మధ్యలో ఆపి, వెనక్కి జారకుండా మళ్ళీ ఎక్కించాలి. జారిందా, లైసెన్సు లేదు. లైసెన్సు లేకపోతే బావకి మళ్ళీ ఆ అరుగే.

అయినా పరీక్ష రోజు పొద్దున్నే విజయనగరం బయల్దేరాం. నేనూ వస్తానని అప్ప వెనక సీటెక్కి, కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలెట్టింది. చాలా దూరం బాగానే వచ్చాం. ఒక వంతెన ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రం ఇంజిను గొంతు చించుకుంది, కారు నత్తలా పాకింది. బావ ఎలాగో దాటించి పక్కకి తీశాడు. ఇంజిను ఆపలేదు, ఆపితే మళ్ళీ కదలదేమోనని భయం.

“గేరాయిలు ఓపాలి సూడు బావా,” అన్నాను.

“ఏటి సూసీది? పొద్దున్నే సూసినాను, గీత కాడికి సరిగ్గా ఉన్నాది. ఇంజిను ఆడతన్నప్పుడు ఆయిలు ఎవుడైనా సూస్తాడేట్రా? బండి సల్లగా ఉన్నప్పుడు, ఆపీసి సూడాల. లారీ మీద...”

“నీ లారీ గోల ఆపు,” అంది అప్ప. దిగి వెళ్ళి, నా చేత బానెట్ ఎత్తించి, గేరాయిలు పుల్ల సర్రున బయటికి లాగింది. “ఇదిగో, వచ్చి సూడు. కొసని తడి తప్ప ఏటీ నేదు.”

బావ కర్ర పట్టుకుని దిగి వచ్చాడు. నమ్మలేదు. ఇంజిను ఆపమన్నాడు. కాసేపాగి తానే చూస్తే, ఆయిలు గీత దగ్గరే ఉంది. మళ్ళీ ఇంజిను వేయించి చూశాడు, పుల్ల కొసని తడి తప్ప ఏమీ లేదు. అలా చేతిలో పుల్లతో నిలబడిపోయాడు.

“ఓలమ్మ,” అన్నాడు మెల్లగా. “ఇంజిను ఆడతంటే ఆయిలంతా గేరుబాక్సు తాగీస్తంది. ఆపితే కిందికి దిగిపోతంది. నాను దిగిపోయిన ఆయిలు సూసి, ఎక్కువైపోనాదనీసి తీసీసినాను.”

“తీసీసినావా?” అన్నాను.

“పరీక్షకని బండి ముస్తాబు సేసినప్పుడు. పెద్ద సిరంజితోటి.”

నాకు ఒళ్ళు మండిపోయింది. “మరి మెకానిక్‌కి ఈ ముక్క సెప్పడానికి నోరు నేదా నీకు?”

“ఆయిలు సూసుకోడం రాదు ఈడికని ఆడి సేత అనిపించుకోమంటావేటి?”

కొట్టాలనిపించింది. అంతలోనే నవ్వొచ్చింది, ఎందుకంటే ఆ ఆయిలు ఎక్కడికీ పోలేదు. లారీవాడు ఏదీ పారేయడు. శుభ్రమైన సీసాలో మూత బిగించి, సిరంజితో సహా డిక్కీలోనే ఉంది. నా ప్రాణం లేచొచ్చింది. సీసా ఎత్తి అంతా పోసేద్దామన్నాను.

ఈసారి బావ ఆపాడు. “ఎక్కువైతే నురగొచ్చీసి అదీ సెడుపేరా. కొలిసి పొయ్యాల. ఇక్కడ రోడ్డు ఓరగా ఉన్నాది, కొలత తప్పుతాది.”

అవును, వాలు సంగతి నాకొకరు చెప్పాలా? నేను చుట్టూ చదును కోసం వెతుకుతుంటే బావ కళ్ళు మెరిశాయి. “కాటా,” అన్నాడు. దారిలోనే లారీలు తూచే కాటా ఉంది.

అక్కడిదాకా పాకించుకుంటూ వెళ్ళాం. కాటా తిరుమలరావుకి బావ లారీ రోజుల నుంచీ తెలుసు. “ఏటి కృపా, కారుని తూకానికి తెచ్చినావా?” అని నవ్వి, పక్కకి తప్పుకున్నాడు. నేను పనిసంచీలోంచి రసమట్టం తీసి ఇనుప పలక మీద నిలువునా అడ్డంగా పెట్టి చూశాను. బుడగ సరిగ్గా మధ్యలో నిలబడింది. నేను కట్టిన గోడ మీద కూడా అంత బాగా నిలబడలేదేమో.

కారు పలక మీదికెక్కింది. బావ బ్రేకు తొక్కి పట్టుకుని, గేరు కర్రని ఒక్కో స్థానంలో కాసేపు ఉంచుతూ అన్నిట్లోకీ తిప్పి, మళ్ళీ పార్కింగులోకి తెచ్చాడు. ఇంజిను ఆడుతూనే ఉంది. పుల్ల తుడవడానికి భుజం మీది తువ్వాలు నాకందిస్తే అప్ప లాక్కుంది. “దీని పీచు లోపలికి పోతాది,” అని టిఫిను గిన్నెకి కట్టిన ఉతికిన పాత పంచె ముక్క ఇచ్చింది. పుల్ల మీద చల్లటి బండికి వేరే గీతలు, కాగిన బండికి వేరే గీతలు ఉన్నాయి. మా బండి బాగా కాగి ఉంది కనక పై గీతలే లెక్క. తుడిచాను, దించాను, తీశాను. సిరంజితో కొంచెం ఎక్కించాను. బావ మళ్ళీ గేరు కర్ర తిప్పాడు. మళ్ళీ చూశాను. అలా ఎక్కిస్తూ చూస్తూ, ఆయిలు ఆ రెండు గీతల మధ్యకి వచ్చేసరికి సీసా అడుగుకొచ్చింది. ఇంకాస్త పోయబోతే అప్ప మూత పెట్టేసింది.

బావ యాక్సిలరేటర్ మీద కాలు వేశాడు. కారు ఏ గొడవా లేకుండా మెత్తగా కదిలిపోయింది. బావ పెద్దగా నవ్వాడు, కళ్ళు తుడుచుకున్నాడు, మళ్ళీ నవ్వాడు. నేనైతే డ్యాష్‌బోర్డు మీద డప్పు కొట్టాను.

పరీక్ష మైదానంలో నా సీట్లో ఇన్‌స్పెక్టర్ కూర్చున్నాడు. నేనూ అప్పా కంచె పక్కన నిలబడ్డాం. కారు ఎత్తు మధ్యలో ఆగింది. అప్ప నా చెయ్యి ఎముకలు విరిగేలా నొక్కింది. బ్రేకు దీపం ఆరిపోయింది. కారు వెనక్కి జరగలేదు. నిదానంగా పైకెక్కి అటు దిగిపోయింది. అప్ప “స్తోత్రం” అని అరిచిన అరుపుకి మైదానమంతా ఇటు తిరిగింది.

కాగితం చేతికొచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. బావ ముందూ వెనకా ‘ఎల్’ తనే పీకేశాడు. నేను అలవాటుగా ముందు తలుపు తీయబోయాను.

“ఒరే మేస్త్రీ, ఎనక్కెల్లి కూకో. నీతోటి పని అయిపోనాది.”

ఆ మాటకి నాకు కోపం రాలేదు. అప్ప కొంగు సర్దుకుని ముందు సీట్లో కూర్చుంది. కారు రోడ్డెక్కింది.

“లారీ మీద...” అని మొదలెట్టాడు బావ. నేను వెనకాల చెవులు మూసుకోబోయాను.

“లారీ మీద నిన్ను ఒక్కపాలి కూడా ఎక్కించనేదు కదే,” అన్నాడు.

అప్ప అద్దం దించుకుని, ఇల్లు వచ్చేదాకా రోడ్డు చూస్తూ కూర్చుంది.