ఇనుప తీగల ముగ్గు

భవానీపూర్ సందుల్లో వాన వెలిశాక తడిసిన ఇనుము వాసన వస్తుంది. ఆ వాసనకి నా కాళ్లు వాటంతటవే ఆగిపోతాయి, పాత మేడల బాల్కనీలకున్న ఊచల అల్లికల మీద కళ్లు పాకుతాయి. బొమ్మలేసి బతికేదాన్ని కనక అలా చూస్తాననుకుంటారు జనం. నిజానికి ఆ చూపు మా అత్తది.

నాన్న ఈ బెంగాలీ ఊళ్లోనే గార్డెన్ రీచ్‌ ఓడరేవులో పనిచేసేవాడు. ఆయన అక్కే మా అత్త; మొగుడు పోయాక శ్రీకాకుళం నుంచి వచ్చి మాతోనే ఉండేది. ఆదివారాలు ఆమె ఒత్తిన అప్పడాలు భవానీపూర్‌లోని తెలుగు ఆఫీసర్ల ఇళ్లకి అందించడానికి ఇద్దరం బస్సెక్కేవాళ్లం. సంచీ ఖాళీ అయ్యాకే మా అసలు షికారు: పల్చటి చలికాలపు ఎండ, మిఠాయి కొట్లలోంచి ఖర్జూరబెల్లం వాసన, ఆరేసిన చీరల వెనక పువ్వులుగా, లతలుగా, శంఖాలుగా వంగిన ఇనుము. అత్త మెడ నొప్పెట్టేదాకా చూసేది.

"సూడే, ఈ తీగ ఎక్కడ మొదలయ్యిందో సెప్పు," అనేది. నాకెప్పుడూ దొరికేది కాదు.

మర్నాడు తెల్లారేసరికి ఆ బాల్కనీ మా వాకిట్లో ముగ్గయ్యేది. వేసేది నేను. భర్త పోయిన మనిషి వాకిట్లో ముగ్గు పెట్టకూడదని మా తెలుగువాడలో పట్టింపు. అందుకని అత్త గడప లోపలే కూచుని "కుడికి తిప్పు, వంపు సాలదు" అని చెబుతుంటే నా వేళ్లు తిరిగేవి. మెప్పులన్నీ నాకే దక్కేవి. నాకదీ బాగానే ఉండేది.

నా తొమ్మిదో ఏట, సంక్రాంతి ముగ్గులకి నెలగంట పెట్టిన రోజుల్లో, జ్వరంతో పడుకున్నాను. ముందురోజే చూసిన జంట హంసల బాల్కనీని అత్త ఉండబట్టలేక తనే వేసింది. పొగమంచు విడిపోయేసరికి వాడలోని ఆడవాళ్లంతా దాని చుట్టూ చేరారు.

"ఎవులేసినారే ఇది?" అనడిగింది పక్కింటి ముసలమ్మ, దుప్పటి కప్పుకుని గుమ్మంలోకొచ్చిన నన్ను.

అత్త నా వైపు చూసింది. నేనే అంటే సరిపోయేది. గర్వంతో ఒళ్లు తెలియక, "మా అత్తేసింది!" అని అరిచాను.

ఆడవాళ్లు ముగ్గు దగ్గర్నుంచి వెనక్కి జరిగారు. అమ్మ ఎవరి మొహమూ చూడకుండా బకెట్టు తెచ్చి దాని మీద నీళ్లు కుమ్మరించింది. అత్త నా దుప్పటి సరిచేసి లోపలికెళ్లిపోయింది. ఆ తర్వాత కూడా అప్పడాలు ఒత్తింది కానీ సంచీ నాన్న చేతికిచ్చి పంపేది. పోయేదాకా మళ్లీ ఆ వీధుల్లోకి రాలేదు. తిట్టినా బాగుండేదని ఇప్పటికీ ఏడుపొస్తుంది.

నా బొమ్మలు చూసి ఎవరైనా ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే, వీధుల్లో అని తప్పించుకుంటూ వచ్చాను.

నిన్న పొద్దున వెళ్లేసరికి హంసల మేడ లేదు. రేకుల కంచె, ఇటుకల కుప్ప, బాల్కనీ ఉండాల్సిన చోట ఉత్త ఆకాశం. కంచె పక్కన పేవ్‌మెంట్ మీద మోకాళ్లూని సుద్దముక్కతో మొదలుపెట్టాను. ప్రతి మలుపులోనూ చెయ్యి ఆగి, వెనక గడప లోంచి రావలసిన మాట కోసం కాచుకుంది. రెండో హంస మెడ దగ్గర వినబడింది కూడా: "వంపు సాలదు." చెరిపి మళ్లీ వేశాను.

టీ కొట్టు తెరవడానికొచ్చినతను ఆగిపోయి, "ఎవరేశారు దీదీ?" అని బెంగాలీలో అడిగాడు.

"మా అత్త," అన్నాను.

అతను సుద్దంటిన నా చేతుల్ని చూశాడు. తర్వాత కెటిల్ పట్టుకుని, ముగ్గు తొక్కకుండా, చుట్టూ తిరిగి వెళ్లాడు.