చెట్ల మీది పసుపు గుర్తులు

మొన్న గేటుకు రంగు వేయిస్తుంటే ఆ వాసనకు నాగోల్ దగ్గర మూసీ ఒడ్డు పార్కు గుర్తొచ్చింది. అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. నడిచేవాళ్లకు దారి తెలియాలని అక్కడ పనిచేసే ఎల్లమ్మ చెట్లకు పసుపు గుర్తులు వేసింది. ఉప్పల్ రోడ్డులో రంగు పూసిన చెట్లన్నీ కొట్టేయడం చూసిన నేను, వీటినీ కొట్టేస్తారనుకుని గుర్తులన్నీ రాయితో గీకేశాను.

మర్నాడు ఒక తాత దారి తప్పి ముళ్లపొదల్లో పడ్డాడు. సూపర్‌వైజర్ అందరి ముందూ ఎల్లమ్మను తిట్టాడు.

"నేను ఏసిన సారూ, ఎవరో గీకిన్రు," అని ఆమె నావైపు తిరిగింది. "నువ్వు రోజు వస్తవు గద బిడ్డా, ఎవరన్న గీకంగ సూసినవా?"

లేదని తలూపాను. ఆమె నమ్మింది. ఎర్రబడ్డ కళ్లు కొంగుతో తుడుచుకుని, మళ్లీ మొదటి చెట్టు దగ్గరికి నడిచింది.

తెలియక గీకినందుకు నన్ను నేను ఎప్పుడో క్షమించుకున్నాను. అలా తలూపినందుకు మాత్రం ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.