చక్రం ఆగిందన్న దీపం

మా అక్క మొగుడికి పాడైన వస్తువు కనబడితే చాలు, ఆకలి కూడా గుర్తుండదు. రేడియోలు, ఫ్యాన్లు బాగుచేసే కొట్టు ఆయనది. అందరూ ‘తీగల మాస్టారు’ అంటారు, నాకు మాత్రం బావే. మంచివాడు, నవ్విస్తాడు. కానీ తను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

మా ఆయన పిండిమిల్లులో పనిచేసేవాడు. స్విచ్ ఆపాక కూడా అక్కడి పెద్ద మర చక్రం చాలాసేపు తిరుగుతూనే ఉంటుంది. మూత తీసి, లోపల అంటుకున్న పిండిని చేత్తో గోకాల్సింది ఆయనే. బయటినుంచి చక్రం కనపడదు. మిగతా మరల హోరులో దాని చప్పుడు కూడా సరిగా వినపడదు. ఆయన పనికి బయల్దేరితే నా ప్రాణం ఆ చేతుల మీదే ఉండేది. చక్రం ఆగితేనే ఆకుపచ్చ దీపం వెలిగేలా ఏదైనా చేసిపెట్టమని మా ఆయన తన తోడల్లుణ్ణి అడిగాడు.

బావ భోజనాల బల్లకు సైకిల్ చక్రం బిగించి, పక్కన దీపాన్ని నడిపించే అగ్గిపెట్టెంత మైక్రోకంట్రోలర్ బోర్డు పెట్టాడు. చక్రం తిరుగుతోందని దానికి చెప్పే సెన్సర్ ఏదన్నదే చిక్కు. ఒకటి అయస్కాంతంతో పనిచేసేది. రెండోది వెలుగుతో. చీలికలున్న రేకు బిళ్ల చక్రంతోపాటు తిరుగుతుంటే, చీలికల్లోంచి వచ్చిపోయే వెలుగును ఎదుటి ‘కన్ను’ లెక్కపెడుతుంది.

“అయస్కాంతం చుట్టుకి ఒక్కసారే చెప్తుంది మరదలా. చక్రం మెల్లగా తిరిగితే ఆగిందనుకుంటాం. కన్నయితే కాస్త కదిలినా పట్టేస్తుంది,” అన్నాడు బావ.

“లెక్క సున్నా వస్తే?” అడిగాడు మా ఆయన.

“ఆగినట్టే. పచ్చ దీపం. లేదంటే ఎర్ర దీపం.”

అక్క వంటింట్లోంచి తొంగిచూసింది. “ఇక్కడ కాదండీ, ఆ పిండిలో పెట్టి నాలుగు రోజులు చూడండి. కీడెంచి మేలెంచమన్నారు.”

“నీ నోట మంచిమాట రాదే!” అని బావ నవ్వేశాడు. మేమూ నవ్వాం. నాకెందుకో ఆ నవ్వు నిలవలేదు.

చివరికి కన్నే పెట్టారు. మొదట్లో దీపం వెలిగినా మా ఆయన మూతకు చెవి ఆనించి వినేవాడట. తర్వాత అదీ మానేశాడు. “దీపం ఉందిగా,” అనేవాడు.

ఆ రోజు క్యారియర్ ఇవ్వడానికి వెళ్లేసరికి బావ మర వెనకాల వంగి ఉన్నాడు, ఊరికే చూసిపోదామని వచ్చాడట. మర అవతల మా ఆయన అప్పుడే స్విచ్ ఆపాడు. మర నెత్తిన దీపం వెంటనే పచ్చగా వెలిగింది.

“ఇంత తొందరగా ఎలా ఆగింది?” అని బావ గొణిగాడు. కన్ను మీద పిండి తెల్లగా పేరుకుపోయి ఉంది. చొక్కా అంచుతో తుడిచాడు. దీపం ఎర్రబడింది.

బావ ముఖంలో నెత్తురుచుక్క లేదు. “మూత తియ్యకు!” అని అరుస్తూ మర అవతలికి పరుగెత్తాడు. మా ఆయన అప్పటికే మూత తీసి చెయ్యి లోపల పెట్టాడు. ఆయన పెట్టిన కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

ఆసుపత్రి వరండాలో బావ నేల మీద కూలబడ్డాడు. “ఆగినా సున్నాయే, కన్ను మూసుకుపోయినా సున్నాయే మరదలా. నాకు తట్టలేదు.”

మా ఆయన కుడిచేతికి ఇప్పుడు బొటనవేలొక్కటే ఉంది. బావ మీద కోపం లేదని అందరితో అంటాను. ఉంది. బావ గుమ్మంలో తటపటాయిస్తూ నిలబడితే, మా ఆయన మాత్రం “రండి అన్నయ్యా” అంటూ ఆ చెయ్యే చాస్తాడు.